పెద్దవూర గుట్టల్లో మా పెద్దమ్మ నడక

మా పెద్దమ్మ పోయిందని సూర్యాపేట నుంచి ఆమె పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, పొద్దున చాయ్ తీస్కపోయిన. తలుపు తీసే ఉన్నది. పిలిస్తే పలకలే" అని ఏడ్చింది. మిర్యాలగూడలో దొరికిన బస్సెక్కి వెళ్లాను.

దహనానికి ముందు నలుగురు పెద్దమనుషులు కారులో వచ్చారు. "పోరాట వీరుడి బిడ్డ" అంటూ దండ వేశారు, ఫొటో తీయించుకున్నారు, వెళ్లిపోయారు. మర్నాడు పేపర్లోనూ అదే ముక్క వచ్చింది. వీరుడి బిడ్డ అనిపించుకోవడం ఆమెకు ఎంత రోతో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ సర్కారు దవాఖానలో నర్సు. హాలియాలో, కోదాడలో, చివరికి సూర్యాపేటలో పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. కాన్పుల గదిలో గట్టి మనిషని పేరు. పసిబిడ్డ ఏడుస్తుంటే ఎవరైనా ఊరుకోబెట్టడానికి తొందరపడితే మాత్రం మీద పడేది. "ఏడ్వనియ్యుండ్రి! ఎవరికేం నష్టం?" నా కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు దాని నోటి మీద అరచెయ్యి తడుతూ ఆడిస్తున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టి గుంజి పడేసింది. గాజు పగిలింది. పిల్ల జడుసుకుంది. ఆమె బయటికి వెళ్లి నిలబడింది.

అలా ఎందుకు చేసిందో అమ్మమ్మ పోయాక చెప్పింది, పెద్దవూర పోయే బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అమ్మమ్మా తాతా ఇద్దరూ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్లే. మిలిటరీ ఊళ్లను గాలిస్తుంటే దళం గుట్టల్లోకి, అడవిలోకి తరలింది. దళానికి తాత నాయకుడు. అమ్మమ్మకు నెలలు నిండాయి. అడవిలోనే ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్లకు మిలిటరీవాళ్లు గుట్ట కింద వాగు దాకా వచ్చారు. పైన బండల వెనక వీళ్లు. అప్పుడు బిడ్డ ఏడుపు అందుకుంది.

"నోరు ముయ్యమన్నడట మా నాయిన," అంది పెద్దమ్మ. "అమ్మ మూసింది. వాళ్లు పోయిందాక చెయ్యి తియ్యలే. తీసి సూస్తే ఇగ ఏమున్నది?"

దళం బతికింది. బిడ్డను అక్కడే రెండు బండల సందున, పాలచెట్టు కింద పూడ్చి, ఆ పూటే ముందుకు నడిచారు. పోరాటం ముగిశాక తాతకు దండలేసి ఊరేగించారు. సర్పంచ్‌ను చేశారు. అమ్మమ్మను మాత్రం "అడవిల మొగోళ్లతోని తిరిగొచ్చింది" అన్నారు. ఆమె వంటింట్లోకి పోయి అక్కడే ముసలిదైపోయింది. తాత ఆ బిడ్డ ఊసు మళ్లీ ఎత్తలేదట. ఆయన పోయినప్పుడు పెద్దమ్మ కంట నీరు రాలేదు.

అమ్మమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని ఏటా వానలు తగ్గగానే మేమిద్దరం ఆ గుట్టలెక్కేవాళ్లం. పెద్దమ్మ తలకు తువ్వాల చుట్టేది. చేతిసంచిలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. దారిలో కూర్చోనిచ్చేది కాదు. నేను రొప్పుతూ ఆగితే, "కడుపుతోని ఎక్కింది మా అమ్మ ఈ గుట్ట. నీకేమైంది, నడువ్" అనేది. మోదుగలు, తునికి చెట్లు, సీతాఫలం పొదలు. ఎక్కడ పాలచెట్టు కనపడినా కిందికి వంగి బండలు చూసేది. అలాంటి తావులు ఆ అడవి నిండా ఉన్నాయి.

ఒక చోట మాత్రం చాలాసేపు ఆగింది. "నువ్వు వాగు కాడికి పో. నేను ఈడ్నుంచి గట్టిగ ఒర్లుత. వినపడ్తదా సూడు" అంది. దిగి వెళ్లాను. వాగు నిండుగా పారుతోంది. నీళ్ల చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. తిరిగి ఎక్కి వచ్చి ఆ మాటే చెప్పాను. పెద్దమ్మ ముఖం నల్లబడింది.

"మరి ఊరికెనే సచ్చిందా?"

అది ఆ చోటే అవునో కాదో, ఆనాడు వాగు పారుతోందో లేదో ఎవరికి తెలుసు? ఆ మాటే అన్నాను. ఆమె రొట్టె ముట్టలేదు.

తర్వాత ఆ గుట్ట కింద తాత పేరుతో స్తూపం కట్టారు. ఆవిష్కరణకు పెద్దమ్మను పిలిచి, తండ్రి ధైర్యం గురించి మాట్లాడమని మైకు ఇచ్చారు. "మా నాయిన ధైర్యం మీరందరు చెప్పిండ్రు," అంది. "మా అమ్మ గూడ తుపాకి పట్టింది. ఆమె పేరేది ఈ రాయి మీద? పైన మా అక్కను పూడ్చిండ్రు. ఆమె సంగతేంది?"

వేదిక మీది నాయకుడు లేచాడు. "అమ్మా, ఇయ్యాల మంచి రోజు. గిసొంటివి ఎందుకు? త్యాగాల గురించి జర చెప్పు."

"మరి ఇది ఎవరి త్యాగం సార్? మీదా?"

మైకు ఆగిపోయింది. పాట పెట్టారు. పెద్దమ్మ మెట్లు దిగి, వంటల దగ్గరికి పోతున్న జనాన్ని తప్పించుకుంటూ నేరుగా గుట్ట వైపు నడిచింది. సగం ఎక్కాక అంది: "ఊరోళ్లు మా అమ్మను తిట్టిండ్రు. ఈళ్లు తిట్టను గూడ తిట్టలే."

రెండేళ్ల కింద చివరిసారి వెళ్లాం. దారికి అడ్డంగా కంచె. లోపల క్వారీ. కాపలా మనిషి కుర్చీలోంచి లేచి, "పోవద్దమ్మా, రాళ్లు పేలుస్తున్నరు" అన్నాడు.

"మా అక్క ఉన్నది లోపల," అంది పెద్దమ్మ.

పనిలో ఉన్న మనిషి కోసం వచ్చిందనుకున్నాడు పాపం. "పేరు చెప్పు, పిలిపిస్త."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "పేరు పెట్టలే, బిడ్డా."

తర్వాత ఆమె గుట్టల మాట ఎత్తలేదు. బజారుకు కూడా నడవడం మానేసింది. కాళ్ల నొప్పులని అందరికీ చెప్పేది. నాక్కూడా అదే చెప్పింది.

దినాలు అయ్యాక ఒక్కదాన్నే పెద్దవూర వెళ్లాను. మేం నడిచిన వైపు గుట్ట లేదు. అది ఉండాల్సిన చోట ఆకాశం కనపడింది. తిరిగొచ్చేటప్పుడు మా బస్సు ముందు ఒక కంకర లారీ పోతోంది. మీద కప్పిన పట్టా గాలికి లేచినప్పుడల్లా సన్నటి తెల్లని దుమ్ము రాలుతోంది. హాలియా దాకా, రోడ్డుకు రెండు వైపులా, పొట్ట మీదున్న వరి మీద అది పడుతూనే ఉంది.