మూడో పాదం నుంచి

గొంతు ఆపరేషన్ తప్పదని తేలాక నా భార్య నన్ను కోరింది ఒక్కటే. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడే పద్యం ఆమెకు సగమే వచ్చు. స్వరపేటిక తీసేశాక గొంతు రాదని డాక్టరు దాచకుండా చెప్పారు. ఈలోగా నాలుగు పాదాలూ ఒక్కసారి పాడుకోవాలని ఆమె ఆశ.

"మిగతా రెండు పాదాలూ ఎక్కడున్నాయో చూడండి. లెక్క తేలందే మీరు వదలరుగా," అంది.

నేను కాలేజీలో చదివినవాణ్ణి కాను. ఇల్లు కట్టేవాళ్ళకు ఇనుమెంత పడుతుందో, సిమెంటెంత పడుతుందో అంచనా వేసి ఇస్తాను. ఆ పని కూడా సైట్లలో నిలబడి నేర్చుకున్నదే. పద్యం కోసం ఫోనులో వెతికాను, దొరకలేదు. మణికొండలో మా పై అంతస్తులో ఉండే లెక్చరరుగారు, ఖాజాగూడ అవతల తాను పనిచేసే డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కూర్చోవడానికి నాకు అనుమతి ఇప్పించారు.

అక్కడ పుస్తకాలు చూసుకునే అమ్మాయి మొదటి రోజే అడిగింది. "ఎవరు రాసిండ్రు సార్ ఆ పద్యం?"

"తెలీదమ్మా."

"పుస్తకం పేరు?"

"అదీ తెలీదు."

"మంచిగుంది. పేరు చెప్తే కంప్యూటర్ల కొట్టి చూస్త. ఏం చెప్పకుంటే అదేం చేస్తది పాపం," అని నవ్వి, వెనకనున్న తెలుగు బీరువాలు చూపించింది. "పరీక్షలప్పుడు పిల్లలు గూడ ఇటు దిక్కు రారు. జర ఫ్యాన్ కింద కూసోండ్రి."

మా దగ్గరున్న మొదటి పాదం ఇది: "వాలిన పొద్దులో తడిసి వాకిట నిల్చిన తల్లి కళ్ళలో." ఆ కళ్ళలో దీపం ఇంకా ఆరలేదని తర్వాతి పాదం. వానలో ఆడుకోవడానికి వెళ్ళిన పిల్ల కోసం తల్లి ఎదురు చూస్తోందనీ, జోలపాట లాంటిదనీ అనుకునేవాళ్ళం.

ముందు ఛందస్సు పుస్తకం పట్టాను. కవిత్వం కొరుకుడు పడలేదు గానీ ఛందస్సు నాకు ఇట్టే అర్థమైంది. స్లాబులో కడ్డీలకు మధ్య ఎడం ఉన్నట్టే అక్షరాలకూ కొలత ఉంది. గురువులకు, లఘువులకు గుర్తులు పెట్టుకుంటూ పోతే మాది ఉత్పలమాల అని తేలింది. సంకలనాల చివర పద్యాల మొదటి పాదాలు అకారాదిగా ఇస్తారని ఆ అమ్మాయే చెప్పింది. ప్రతి పుస్తకంలోనూ 'వా' దగ్గర వెతికాను. ఆఫీసు మానుకుని మరీ వెళ్ళి వెతికాను. ఆపరేషన్ తేదీ దగ్గరపడుతోంది. పద్యం మాత్రం లేదు.

ఒక సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికొచ్చి, "మీ అమ్మ ఎలా పాడేదో ఒకసారి అలాగే పాడు," అన్నాను.

అప్పటికే ఆమె గొంతు బొంగురుపోయింది. మంచినీళ్ళు తాగి మొదలుపెట్టింది. ముందు నోరు మూసుకునే కూనిరాగం తీసింది. చాలాసేపు తీసింది. ఆ తర్వాతే "వాలిన పొద్దులో" అని అందుకుంది.

"ఆ రాగం ఎందుకు?"

"ఏమోనండీ. అమ్మ ఎప్పుడూ అలాగే ఎత్తుకునేది. నన్ను జోకొడుతూ కదా."

ఇంకోసారి తీయమని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. ఆ కూనిరాగం సరిగ్గా రెండు పాదాల పొడవుంది. నడక కూడా పాదాలదే. అంటే మా దగ్గరున్నది పద్యం ముందు సగం కాదు, వెనక సగం. నేను ఇన్నాళ్ళూ మూడో పాదాన్ని మొదటి పాదాల పట్టికలో వెతుకుతున్నాను.

మొదటి అక్షరం తెలియకపోయినా రెండో అక్షరం తెలిసినట్టే. ఉత్పలమాలలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మాది 'ల'. మర్నాడు పట్టికలన్నీ మళ్ళీ మొదటినుంచీ, రెండో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివి, 'ల' ఉన్న ప్రతి పద్యం తీసి మూడో పాదం చూశాను. మధ్యాహ్నానికి ఒక చిన్న సంకలనంలో దొరికింది. కవి ఎవరో ఊరి బడిపంతులు. జీవిత వివరాలు తెలియవని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి రెండు పాదాలూ చదివి పుస్తకం మూశాను. కాలువ వరదలో కొట్టుకుపోయిన కూతురి గురించి రాసిన పద్యమది. శవమూ దొరకలేదు. తల్లి మటుకు ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది.

ఆ అమ్మాయి నా మొహం చూసి వచ్చి, పుస్తకం తెరిచి తనూ చదివింది. ఎవరి కోసం వెతుకుతున్నానో అప్పటికే తనకు చెప్పి ఉన్నాను. "అక్కకు చూపియ్యకుండ్రి సార్," అంది మెల్లగా. "ఆపరేషన్ ముంగట గిసువంటివి వద్దు. దొరకలేదని చెప్పుండ్రి, ఏమైతది."

జిరాక్సు మడిచి జేబులో పెట్టుకున్నాను. దారి పొడుగునా సిగ్నళ్ళ దగ్గర అదే ఆలోచన. దొరకలేదని చెబితే ఆమె సగం పద్యంతోనే థియేటరులోకి వెళుతుంది. చూపిస్తే ఆ రెండు పాదాలు ఆమె నోటి చివరి మాటలవుతాయేమోనని భయం. ఇంటికి వెళ్ళాక ఏం చెప్పాలో తోచక కాగితం చేతికిచ్చేశాను.

ఆమె రెండుసార్లు చదివింది. 

"ఒళ్ళో పిల్లను పెట్టుకుని ఈ మాటలు అమ్మ ఎలా అంటుంది, పిచ్చిది," అంది చివరికి. "అలాగని రాగం వదులుకోలేకపోయింది."

ఆస్పత్రికి బయల్దేరే రోజు పొద్దున, వంటింటి గడప మీద కూర్చుని పాడింది. అన్ని పాదాలూ అప్పటికి ఆమెకు వచ్చు. అయినా మొదటి రెండింటికీ నోరు మూసుకునే రాగం తీసింది. మూడో పాదం దగ్గర పెదవులు విప్పింది. నాలుగోదాని చివర గొంతు చీలింది. మళ్ళీ పాడబోయి, చాలని చెయ్యి ఊపింది. ఫోనులో రికార్డు చేయనా అని అంతకుముందే అడిగాను, వద్దంది.

ఇప్పుడు ఏదైనా కావాలంటే బల్ల మీద వేళ్ళతో తడుతుంది. ఆ మొదటి రెండు పాదాలూ నాకు కంఠతా వచ్చాయి. ఆమె ముందు పైకి అనలేదు. ఇక్కడా రాయలేదు.