పత్తిగింజ కొరికే పన్ను

కుడివైపు కింది దవడలో నాకు మిగిలిన గట్టి పన్ను ఒక్కటే. పైన దానికి ఎదురుగా ఇంకోటి నిలిచి ఉంది కాబట్టి పనికొస్తోంది. పోయిన కార్తీకంలో అది సలపడం మొదలుపెట్టింది. లవంగ నూనె పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, ఎవరో చెబితే పొగాకు ముక్క కూడా నొక్కిపెట్టాను. నొప్పి చెవిదాకా పాకింది. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "పీకించెయ్ బాబాయ్, ఇంకా ఎన్నాళ్లు నములుతావ్?" ఒళ్లు మండింది. నా వయసు చూసి నా పంటికి తీర్పు చెప్పడానికి వీళ్లెవరు?

ఆ పన్ను నాకు అన్నం నమలడానికి మాత్రమే కాదు. సగం జీవితం జిన్నింగు మిల్లులో పత్తి కొనేచోట పనిచేశాను. పత్తి కుక్కిన బోరెం గోతంలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి, దూది విడదీసి, గింజని దవడ పళ్ల మధ్య నొక్కి తడి చూసేవాళ్లం. ఎండిన గింజ టక్కుమంటుంది. తడి గింజ చప్పుడు లేకుండా నలిగిపోతుంది. నేను బడికి పోలేదు. అక్షరాలు మిల్లు గోడలమీద, పొట్లాల కాగితాలమీద నేర్చుకున్నాను. గింజ సంగతి పంటితో నేర్చుకున్నాను. ఇప్పుడు మిల్లులో తడి కొలిచే మిషనుంది. అయినా మా వీధి రైతులు పత్తి తీశాక, ట్రాక్టరుకెత్తే ముందు, నాలుగు గింజలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. మా ఇంటిది పోయాక నా గడప తొక్కేది వాళ్లే, అదీ పత్తి రోజుల్లోనే. పన్ను పోతే వాళ్లూ రారు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. గుంటూరు బస్సెక్కాను.

పళ్లాసుపత్రిలో అడుగు పెట్టగానే కౌంటరు దగ్గర అమ్మాయి "మీతో ఎవరొచ్చారండీ?" అంది. "నా పన్ను వచ్చింది, చాలదా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

డాక్టరమ్మ చిన్నది. ఎక్స్‌రే చూపించి, "వేరు కింద చీము చేరింది తాతగారూ. పీకక్కర్లేదు, రూట్ కెనాల్ చేద్దాం. లోపల పాడైన నరం తీసి, శుభ్రం చేసి మూసి, పైన క్యాప్ వేస్తాం" అంది.

"నరం తీసేస్తే పన్ను చచ్చినట్టేగా? నాలుగు నెలల్లో ఊడిపోదూ?"

"ఊడదు. చల్లదనం, వేడి తెలియవు, అంతే. నమిలేది తెలుస్తుంది."

నేను ఎక్కడెక్కడో చదివినవన్నీ చెప్పి వాదించాను. ఓపిగ్గా విని, అన్నీ తప్పేనంది. తప్పేనని తర్వాత తెలిసింది.

భయపడేవాళ్ల కోసం చెబుతున్నాను. సూది పొడిచినప్పుడు కాస్త చురుక్కుమంటుంది, ఆ తర్వాత సగం పెదవి మనది కాదు. మిషను రొద తలకాయంతా తిరుగుతుంది గానీ నొప్పి ఉండదు. వెంట్రుకలాంటి సన్నటి సూదులతో పంటి వేళ్ల లోపల గీకుతారు. మందు వాసన గొంతులోకి దిగుతుంది. నోరు తెరిచి తెరిచి దవడ కీళ్లు పీకుతాయి, అసలు కష్టం అదే. మాట్లాడకుండా ఉండాలి. అది నాకు అలవాటే.

తిమ్మిరి పోయేదాకా తినొద్దన్నారు. ఇంటికొచ్చి ఆకలికి ఆగలేక మజ్జిగన్నం తిని బుగ్గ కొరుక్కున్నాను. కంచంలో రక్తం చూసేదాకా తెలియలేదు. చూసుకోమనడానికి ఎదురుగా మనిషంటూ ఉంటే కదా. రెండ్రోజులు నొక్కితే నొప్పి, ఆ తర్వాత సలపరం పోయింది. నొప్పి పోగానే చాలామంది వెళ్లడం మానేసి ఉన్న పన్ను పగలగొట్టుకుంటారట. నేను మానలేదు. రెండోసారి లోపల నింపారు. మూడోసారి క్యాప్ బిగించారు. అప్పుడు అడిగాను, "పత్తిగింజ కొరకొచ్చా అమ్మా?"

"పత్తిగింజలెందుకు తింటారు తాతగారూ?"

ఎందుకో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "వద్దండీ. అన్నం తినండి, మెత్తగా ఉడికిన ముక్క తినండి. గింజ కొరికితే పన్ను చీలుతుంది. చీలితే ఇక పీకడమే" అంది.

అంటే పన్ను నిలిచింది, దాని పని పోయింది. బస్సులో దారంతా ఆవిడ మీద కోపంగా ఉన్నాను. ఆవిడ తప్పేం లేదు.

మర్నాడు పొద్దున పక్కింటి రైతు గుప్పిట్లో గింజలతో వచ్చాడు. "బాబాయ్, చూడు." డాక్టరు వద్దందని చెప్పాను. "అట్టాగా" అని, గింజ తన నోట్లోనే వేసుకుని నొక్కాడు. టక్కుమన్న చప్పుడు నాకూ వినిపించింది.

"ఎండింది బాబాయ్."

"నీకూ తెలుసట్రా?"

"ఎందుకు తెలీదు? మా నాన్న నేర్పాడుగా."

"మరి ఇన్నేళ్లూ నా దగ్గరికి ఎందుకు మోసుకొచ్చావు?"

తల గోక్కున్నాడు. "పిన్ని చనిపోయిన ఏడు మా అమ్మ పంపింది, బాబాయికి చూపించి రారా అని. తర్వాత అలవాటైపోయింది."

వాళ్లమ్మ కూడా పోయి చాలాకాలమైంది. మీ జాలి నాకక్కర్లేదు, రేపట్నుంచి రావద్దు అనాలని నోరు తెరిచాను.

"రేపు ఏ చేలో తీస్తున్నారు?" అన్నాను.

"పడమటి చేలో" అని అరిచి, అప్పటికే వీధిలో కదులుతున్న పత్తి ట్రాక్టరు వైపు పరుగెత్తాడు. వస్తాడో రాడో చెప్పలేదు.