అమ్మొనైట్‌ను రాతిలోంచి తీయించడానికి నర్సీపట్నం వెళ్ళిన రోజు

2004లో నేను విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం ల్యాబు చూసుకునేదాన్ని. అంతకు ముందు ఏడాది మా విద్యార్థులను తమిళనాడులోని అరియలూరు వైపు తీసుకెళ్ళాం. కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ సముద్రం ఉండేది, ఇప్పుడు సున్నపురాయి గనులున్నాయి. గనివాళ్ళు పనికిరాదని పక్కన పోసిన గుట్టలో, వాళ్ళ అనుమతితోనే వెతుకుతుంటే, కొబ్బరికాయంత రాతి గడ్డ ఒకటి దొరికింది. సుత్తితో మొదటి దెబ్బ నేనే వేశాను. పైపెచ్చు ఊడి, లోపల పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న గవ్వ అంచు కనిపించింది. అది అమ్మొనైట్. చుట్టలు తిరిగిన గవ్వలో బతికిన సముద్రజీవి, డైనోసార్ల కాలంతోనే అంతరించిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ అంచు మీద గీతలు ఒకచోట వంకరపోయి ఉండడం చూసి, నా దెబ్బకే గవ్వ చిట్లిందనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చాక ల్యాబులో మేకుతో కొంచెం గీకి చూశాను. రాయి రాలే బదులు గవ్వే పొడి అవుతున్నట్టనిపించి ఆపేశాను. రాతిని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏడాదిపాటు అది అక్కడే ఉంది. ఆ తర్వాత ఒక సీనియర్ లెక్చరర్ సూర్యనారాయణ గారి సంగతి చెప్పారు. ఆయన ముప్పై ఏళ్ళపాటు ఒక మ్యూజియం వర్క్‌షాపులో శిలాజాలను రాతిలోంచి విడదీసే పని చేసి, రిటైరయ్యాక సొంత ఊరు నర్సీపట్నం వచ్చేశారట. అడ్రసు పట్టుకుని ఉత్తరం రాశాను. వారంలో కార్డు వచ్చింది. అందులో రెండే వాక్యాలు: "రాయి తీసుకు రండి. సుత్తి తేవద్దు."

ఫిబ్రవరిలో ఒక శనివారం బయల్దేరాను. ఉదయం అయిదున్నరకు విశాఖ బస్టాండులో నర్సీపట్నం బస్సు ఎక్కితే మూడు గంటల ప్రయాణం. అప్పట్లో టికెట్టు నలభై రూపాయల లోపే. అనకాపల్లి దాటేదాకా హైవే మీదే పోయి, తాళ్ళపాలెం దగ్గర కుడివైపు తిరుగుతుంది. అక్కడి నుంచి ఇరుపక్కలా చెరకు తోటలు, మధ్యమధ్య బెల్లం వండే పాకల్లోంచి పొగ, దూరంగా నీలంగా కొండలు. కిటికీ పక్క సీటు కావాలంటే కుడివైపు కూర్చోండి, కొండలు బాగా కనిపిస్తాయి. రాతిని పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు టికెట్టు ఇస్తూ, "ఒళ్ళో ఏటండీ అంత బరువు?" అని అడిగాడు. రాయి అని చెప్పాను. అతను తువ్వాలు వంకా నా వంకా చూసి, "నర్సీపట్నంలో రాళ్ళకేటి కరువండీ," అని ముందుకు వెళ్ళిపోయాడు.

బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో రెండు ఇడ్లీలు, అల్లం చట్నీతో తిని, గొలుగొండ వెళ్ళే రోడ్డు మీద పది నిమిషాలు నడిచాను. సూర్యనారాయణ గారిది పెంకుటిల్లు, ముందు పెద్ద సిమెంటు వాకిలి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, రాతిని రెండు చేతుల్లోకి తీసుకుని, బరువు చూసి, వేళ్ళతో చుట్టూ తడిమారు. అప్పుడు గమనించాను, ఆయన కళ్ళు రాతి వైపు లేవు. అడిగితే దాచుకోకుండా చెప్పారు. కంట్లో ఒత్తిడి జబ్బు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి మసక వెలుతురు తప్ప ఏమీ ఆనదు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశారట.

నా మొహంలో ఏం కనిపించిందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. కానీ నేను ఒక అడుగు వెనక్కి వేయడం విన్నారు. "భయపడకమ్మా. చేసేది నేను కాదు," అన్నారు.

చేసేది నూకరత్నం. ఊళ్ళో రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు పెట్టే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. అరిగిపోయిన రోటి లోపలి భాగాన్ని ఉలితో మళ్ళీ గరుకుగా చేసే ఆ పని వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుంది. గ్రైండర్లు వచ్చాక వీధిలో రోజంతా కేకేసినా ఒకటో రెండో ఇళ్ళే పిలుస్తున్నాయట. ఆ ఏడాది జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరిపోదామనుకుంటుండగా ఈ ఇంట్లో రోటికి గంట్లు పెట్టడానికి వచ్చింది. లోపల కూర్చున్న సూర్యనారాయణ గారికి ఉలి చప్పుడు వినిపించింది. ఒక్క దెబ్బా ఎక్కువ కాదు, ఒక్కటీ తక్కువ కాదు. బయటికి వచ్చి పేరడిగారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు, తన దగ్గర మిగిలిన చిన్నచిన్న రాళ్ళ మీద ఆమెకు పని నేర్పుతున్నారు. నిజమైన పెద్ద రాయి మాత్రం నాదే మొదటిది. ఆ సంగతి వినగానే తువ్వాలు మళ్ళీ చుట్టేసి వెళ్ళిపోదామా అనిపించింది. అబద్ధం ఎందుకు.

పని వాకిట్లోనే. ఇసుక నింపిన చిన్న గుడ్డసంచి మీద రాతిని కదలకుండా కూర్చోబెట్టారు. పనిముట్లు వేలెడంత ఉలి, చిన్న సుత్తి, మొన తేల్చిన సైకిలు చువ్వ, చెక్క పిడికి బిగించిన కుట్టుమిషను సూది, రంగులేసే కుంచె. ఉదయం ఏటవాలు ఎండలో రాతి మీది ప్రతి గీతకూ నీడ పడుతుంది. దాన్నిబట్టే గవ్వ ఎక్కడ ఆగిందో, రాయి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. వెనిగరులో నానబెడితే తొందరగా అవుతుందని ఎక్కడో చదివానన్నాను. ఇందులో రాయీ సున్నమే, గవ్వా సున్నమే, రెండూ కలిసి కరిగిపోతాయని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఉలి మొన గవ్వ వైపు ఎప్పుడూ చూడకూడదట. దెబ్బ ఎప్పుడూ గవ్వకు దూరంగా పోవాలి.

నూకరత్నం కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్నారు. టక్కు టక్కుమని ఒకే వరసన సాగిన చప్పుడు ఒకచోట కొంచెం సన్నబడిందట. నాకు తేడా తెలియలేదు. ఆమె ఉలి ఆపడం, ఆయన కుర్చీలో ముందుకు వంగడం ఒకేసారి జరిగాయి. "దగ్గరికొచ్చీసేం మేస్టారు," అంది ఆమె. ఉలి పక్కన పెట్టి సూది తీసుకుంది. సూది మొనతో నెమ్మదిగా నొక్కితే గోరంత పెచ్చు దానంతటదే ఎగిరిపోయి, కింద తేనెరంగులో నున్నటి గవ్వ మెరిసింది. ఏడాదిగా నా బీరువాలో ఉన్నది ఇదేనా అనుకున్నాను.

పన్నెండింటికి ఎండ నెత్తి మీదకొచ్చింది. నీడలు పోయాయి కనుక పని ఆపమన్నారు. ఆయన భార్య పార్వతమ్మ గారు పచ్చి జీడిపప్పు కూర, ముద్దపప్పు పెట్టారు. ఆ కూర కోసమైనా ఆ కాలంలో అటు వెళ్ళొచ్చు, జీడిమామిడి కాపు అప్పుడే మొదలవుతుంది. ఆవిడ భోజనాల దగ్గర రాతిని చూసి, ఇది సాలగ్రామమే కదా అన్నారు. ఒకరకంగా నిజమే, గండకీ నది సాలగ్రామాల్లో చాలావాటిలో ఉండేది ఈ జీవే. "ఈయన ముప్పై ఏళ్ళు వీటికి దెబ్బలేశారు. ఒక్కో దెబ్బకి ఒక్కో దణ్ణం నేను పెట్టాను," అన్నారావిడ, కూర మారు వడ్డిస్తూ.

మూడింటికి మళ్ళీ కూర్చున్నాం. ఇక మిగిలింది పైఅంచు, గీతలు వంకరపోయిన చోటు. నూకరత్నం సూది అక్కడ పెట్టబోతుంటే ఉండబట్టలేక చెప్పేశాను. అక్కడ జాగ్రత్త అని, అది నా సుత్తి దెబ్బకు చిట్లిందని, ఏడాదిగా ఎవరికీ చెప్పలేదని. ఆమె సూది పక్కన పెట్టి, బొటనవేలితో ఆ అంచును అటూ ఇటూ రెండుసార్లు రాసి చూసింది.

"సుత్తి దెబ్బ కాదండీ ఇది," అంది. "దెబ్బైతే అంచు కోసుకుంటాది. ఇది నున్నగుంది, సూడండి. గీతల వరస ఇక్కడ తప్పిపోయింది. నాలుగు వేళ్ళ దూరం ఎల్లేక మళ్ళీ సర్దుకుంది."

సూర్యనారాయణ గారు చెయ్యి చాపారు. ఆమె ఆయన వేలు పట్టుకుని సరిగ్గా ఆ చోట ఆనించింది. ఆయన వేలు గీతల మీద ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు.

"దీన్ని ఏ పీతో చేపో కొరికిందమ్మా, బతికుండగానే," అన్నారు చివరికి. "గవ్వ విరిగింది గానీ ఇది చావలేదు. విరిగిన చోటి నుంచే మళ్ళీ కట్టుకుంటూ పెరిగింది. నా సర్వీసులో ఇలాంటివి మూడో నాలుగో చూశాను. నువ్వు పుట్టడానికి ఏడుకోట్ల ఏళ్ళ ముందే దీని గాయం మానిపోయింది."

నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. నూకరత్నం ఏమీ చూడనట్టు కుంచెతో దుమ్ము దులుపుతోంది. ఆయన మాత్రం ఆమె వైపు తిరిగి, "ఇది నాకు రెండు పూటలకైనా తెలిసేదో లేదో, నువ్వు ఒక్క వేలితో పట్టేశావు," అన్నారు. ఆమె తల దించుకుంది. "రోలైనా అంతే కదండీ. వరస తప్పితే సేతికి తెలిసిపోద్ది," అంది.

ఆ తర్వాత సూది నా చేతికిచ్చారు. చివరి అంగుళం నేనే చేశాను, ఆయన వింటుండగా, ఆమె చూస్తుండగా. గవ్వకు ఏమీ కాలేదు. అయిదున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. ఈసారి ఒళ్ళో బరువు సగానికి సగం తగ్గింది.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. ఆ అమ్మొనైట్ మా ల్యాబులో అద్దాల పెట్టెలో ఉంది, మానిన గాయం ఉన్న వైపును పైకి పెట్టాం. దాన్ని చూసిన మరో రెండు కాలేజీలు తమ రాళ్ళు నర్సీపట్నం పంపాయి. వేసవిలో నెల రోజులు నూకరత్నం మా దగ్గరికే వచ్చి పిల్లలకు ఉలి పట్టడం నేర్పుతుంది. రోళ్ళ పని కూడా మానలేదు, పిలిచిన ఇంటికి వెళ్తుంది. సూర్యనారాయణ గారికి ఇప్పుడు వెలుతురు కూడా ఆనడం లేదు. కిందటి నెల వెళ్ళినప్పుడు కుర్చీ వాకిట్లోనే ఉంది, ఆయన అందులోనే ఉన్నారు, కానీ ఆపు అని చెప్పాల్సిన అవసరం ఆయనకు ఒక్కసారీ రాలేదు. తిరిగొస్తూ బస్సులో నేను ఆలోచించింది రాతి గురించి కాదు. ఒక చేతిలోని విద్య ఇంకో చేతిలోకి ఇంత చప్పుడు లేకుండా వెళ్ళిపోగలదని నాకు అంతకు ముందు తెలియదు.

మీ దగ్గరా ఇలాంటి రాయి ఉండి, వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. రైలెక్కి నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగేసి ఊరొచ్చిందనుకోకండి, అక్కడి నుంచి బస్సులో ఇంకా గంట పడుతుంది. తెల్లవారుజాము బస్సే పట్టుకుని తొమ్మిదింటికల్లా ఆ వాకిట్లో ఉండండి. ఎంత దూరం నుంచి వచ్చామని చెప్పినా సరే, నీడ లేని ఎండలో నూకరత్నం ఎవరి రాతినీ ముట్టుకోదు.