పడవ ఎక్కనివాళ్లు

మూడో అంతస్తు సార్ మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఆ కబురు చెప్పడానికి మా తలుపు కొట్టింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుడు. "సార్ ఇగ లేడమ్మా," అని గడప దగ్గరే గోడకు ఆనుకుని ఏడ్చాడు. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో తెలిసిన నాకు ఆ ఏడుపు చూడడం కష్టమైంది.

సార్‌ది కోస్తాలో సముద్రం పక్క ఊరు. ఇటు వచ్చి ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసి, రిటైరయ్యాక ఇస్నాపూర్‌లో మా పైఇంట్లో స్థిరపడ్డారు. ఒంటరి మనిషి. మనకు తెలిసిన చరిత్రకు ముందే ఒక గొప్ప నాగరికత ఉండేదని, ఒకే జలప్రళయంలో అది సముద్రం పాలైందని గట్టిగా నమ్మేవారు. సాయంత్రాలు టీ గ్లాసుతో మా ఇంటికి దిగివచ్చి, మత్స్యావతారం దగ్గర మొదలుపెట్టి పడమటి దేశాల ప్రళయగాథలోని పెద్ద ఓడ దాకా వెళ్లేవారు. టీ చల్లారిపోయేది. ఆ చల్లారిన టీనే ఇష్టంగా తాగేవారు.

నేను బడిలో సోషల్ చెబుతాను. ఊరుకునేదాన్ని కాదు. "మనుషులు ఏడనైనా ఏటి ఒడ్డుకే ఊర్లు కట్టుకున్నరు సార్. అందరికీ వరదలొచ్చినయి, అందరికీ కథలున్నయి. దానికి ఒక్కటే ప్రళయం ఎందుకు గావాలె?"

"అయ్యుండొచ్చమ్మా. మునిగిన నగరాన్ని నేను చూపించలేను కదా," అని నవ్వేవారు. ఒకరోజు మాత్రం నవ్వలేదు. "ఏ దేశం కథ విన్నా పడవ ఎక్కినవాళ్ల గురించే చెబుతారు. ఎక్కనివాళ్లు వచ్చి తలుపు కొట్టి ఉండరా? లోపలివాళ్లకు వినపడి ఉండదా?"



రెండేళ్ల కిందట వానాకాలంలో చెరువు అలుగు పారి, మధ్యాహ్నానికల్లా మా వెనక నాలా పొంగింది. నాలా అంచున ఫ్యాక్టరీ కూలీలు ఉండే రేకుల గదులున్నాయి. మా సెల్లార్‌లో అందరి కార్లూ ఉన్నాయి. గేటుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్పించి, అధ్యక్షుడు తాళం వేశాడు. కాసేపటికే గదుల్లోని జనం పిల్లల్ని భుజాల మీద పెట్టుకుని వచ్చి గేటు పట్టుకున్నారు. "గేట్ ఖోలో భయ్యా," అంటున్నారు. నీళ్లు పెద్దవాళ్ల నడుముల దాకా వచ్చాయి.

"తెరిస్తే సెల్లార్ మొత్తం మునుగుతది. పోలీసోళ్లకు ఫోన్ చేసిన, వస్తున్నరు. జెర ఆగుండ్రి," అన్నాడు అధ్యక్షుడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మా కారు కూడా కిందే ఉంది.

సార్ లుంగీ ఎగగట్టి మెట్లు దిగి వచ్చారు. "తాళంచెవి ఇవ్వండి," అన్నారు.

"మీకు కారు లేదు సార్. మీకేం పోతది?"

"నిజమే. నాకు పోయేదేమీ లేదు. అందుకే అడగాల్సింది నేనే."

వంగి ఒక బస్తా లాగబోయి జారారు. అధ్యక్షుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లేపడానికో, ఆపడానికో తెలియలేదు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. గేటు అవతల ఒక చంటిపిల్ల గుక్కపట్టింది. నేను వెళ్లి ఆ బస్తా రెండో కొస పట్టుకున్నాను. అధ్యక్షుడు నావైపు చూశాడు. "కానియ్యుండ్రి," అని తాళంచెవి నా చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు.

చేతులు పట్టుకుని ఒక్కొక్కరినీ మొదటి అంతస్తు హాల్లోకి ఎక్కించాం. కాసేపటికి నాలా వైపు గదుల రేకులు మాత్రమే కనపడ్డాయి. ఒక గది గోడ రేకులతో సహా నీళ్లలోకి ఒరిగింది. సెల్లార్‌లో కార్లన్నీ మునిగాయి.

తర్వాత చాలాకాలం లిఫ్టులో సార్‌తో ఎవరూ మాట్లాడలేదు. ఆయన పలకరిస్తూనే ఉండేవారు. "కోపం ఉంటుందమ్మా, ఉండనీ. పోయినవి వాళ్లవే కదా," అనేవారు. ఈ ఏడు ఆయన మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి తిప్పింది మాత్రం అధ్యక్షుడే. ఎందుకో ఒకరోజు తనే చెప్పాడు: "గా గోడ పడుడు నేను సూసిన గదమ్మా."

ఆనాటి హాలు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒకామె బిడ్డ తల తుడుస్తూ, తమ ఊళ్లో చెప్పుకునే ప్రళయం కథ హిందీలో మొదలుపెట్టింది. లోకమంతా మునిగితే ఒక అన్నా చెల్లెలూ సొరకాయ బుర్రలో దాక్కుని తేలారట. సార్ ఆ కథ ఎప్పుడూ వినలేదు. తడి లుంగీతోనే నేల మీద కూర్చుని, "ఫిర్?" అని తర్వాతేమైందో అడుగుతున్నారు. కింద నీళ్లలో ఏదో కారు హారన్ ఆగకుండా మోగుతోంది. ఆయనకు అది వినపడడం లేదు. ఆమె రెండు చేతులూ చాచి సొరకాయ ఎంత పెద్దదో చూపిస్తుంటే, ఆయన కూడా తన చేతులు అంతే చాచి, ఇంతేనా, ఇంకానా అని కొలుస్తున్నారు.