చెవులోడు ఏడ్చిన వేసవి

మా పై అంతస్తు వాళ్లు బళ్లారిలో పెళ్లికని పోతూ వాళ్ల బీగిల్ కుక్కను రెండు రోజులు మా ఇంట్లో వదిలారు. దాని తిండి డబ్బా, దువ్వెన, గిన్నె అన్నీ చేతికిచ్చి, ఏ పూట ఏమి పెట్టాలో ఏమి పెట్టకూడదో పాఠం చెప్పి మరీ వెళ్లారు. వాళ్లు మెట్లు దిగారో లేదో అది వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. ఊరికే చెయ్యి పోయి ఆ పొడుగాటి చెవి ఎత్తాను. గుప్పుమని పులిసిన మజ్జిగ వాసన. అంతే, అనంతపురం ఫ్లాటూ, పొయ్యి మీద కుక్కరూ, నా వయసూ అన్నీ ఎటో పోయి, నేను కంబదూరు దగ్గర మా ఊళ్లో, నాలుగో తరగతి పిల్లనై, మా నాయన తల్లి, మా జేజి మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను.

మా ఊరి గుట్టల మీద గాలిమరలు కొత్తగా లేచిన రోజులవి. మా నాయన పగలు మా మెట్ట చేన్లో వేరుశనగ పని చూసుకుని, మిగతా వేళ ఆ గాలిమరల దగ్గర కాపలా కాసేవాడు. వాటిని చూసుకోవడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీరొకాయన ఊళ్లోనే అద్దెకుండేవాడు. ఆయనతో పాటు వచ్చింది ఇట్లాంటిదే ఒక బీగిల్ కుక్క. ఆయనకు ఎక్కడో సముద్రం పక్క ఊరికి బదిలీ అయితే, ఒక్క నెల చూసుకో నారాయణా, ఇల్లు కుదరగానే వచ్చి తీసుకుపోతానని మా నాయనకు అప్పజెప్పి పోయాడు. పోయినాయన పోయినట్టే. వారానికొకసారి సబ్బు పెట్టి స్నానం చేయించమని ఆయన చెప్పిన మాట నాయన ఇంటికొచ్చి చెబితే మా అమ్మ చేతిలో బిందె కింద పెట్టి మరీ నవ్వింది. "మనుషులు మొగం కడుక్కునేదానికే నీళ్లు ల్యావు, కుక్కకు తలంట్లా?" అంది. ట్యాంకరు వచ్చిన రోజు పెద్దాచిన్నా బిందెలతో కొట్లాడుకునే ఊరు మాది. ఆ కుక్క మా ఇంట ఉన్నన్నాళ్లూ దానికి వానే స్నానం, వానేమో రాదు.

అసలు అది కుక్కేనా అన్న సంగతి మా ఊళ్లో ఎప్పటికీ తేలలేదు. మా ఊరి కుక్కలు నిక్కిన చెవులతో, పక్కటెముకలు కనబడుతూ, కొత్త మనిషిని చూస్తే పొలిమేర దాకా తరిమి కొట్టేవి. ఇది కొత్త మనిషిని చూస్తే తోక ఊపుకుంటూ ఎదురు పోయి, చేతిలో సంచి వాసన చూసి, ఇంట్లోకి దారి చూపించేది. చెవులు మేకవి, మచ్చలు ఆవువి, కడుపు అంగడి సేటుదని గొర్రెల కాపరులు ఎగతాళి చేసేవాళ్లు. ఒకసారి మంద మీదికి సరదాగా పోతే ఒక పొట్టేలు కుమ్మిన కుమ్ముకు మూడు పల్టీలు కొట్టి, లేచి, ఆ పొట్టేలు వెనకాలే తోక ఊపుకుంటూ పోయింది. దానికి పౌరుషం లేదా, లేక మనకర్థం కాని పౌరుషమేదైనా ఉందా అని నేను తెగ ఆలోచించేదాన్ని. ఇంజినీరు పెట్టిన ఇంగ్లీషు పేరేదో ఉండేది గానీ మా జేజి దాన్ని "చెవులోడు" అంది, ఊరంతా అదే అంది.

చెవులోడికి కళ్లూ చెవులూ అలంకారానికే, ఉన్నదంతా ముక్కే. ముక్కు నేలకు ఆనించిందంటే ఇంక పిలిచినా తిట్టినా దానికి వినబడదు. కుందేలు పోయిన దారి పట్టుకుని ఆముదం చేలల్లో పడి ఎక్కడికో పోయేది. నేను, నా వెనక పిల్లలమంతా, అచ్చనగండ్ల ఆట మధ్యలో వదిలేసి, గట్టు గట్టూ తిరిగి వెతికేవాళ్లం. దొరికేసరికి పాదాల నిండా పల్లేరు ముళ్లు, చెవుల నిండా పిడుదులు, మొహంలో మాత్రం ఏమీ జరగనట్టు అమాయకత్వం. కట్టేస్తే తాడు కొరికేది. గొలుసు వేస్తే గుంజ చుట్టూ తిరిగి తిరిగి దానికదే ఉరి పోసుకునేది. చేన్లో శనగకాయ ఊరిందో లేదో నాయనకన్నా ముందు దానికే తెలిసేది, కాళ్లతో తవ్వి, పచ్చికాయలు తొక్కతో సహా నమిలేది. రాగిముద్ద, ఊరిబిండి, ఎద్దుల దాణా, మేక పెంటికలు, మా అమ్మ ఎండబెట్టిన వడియాలు, ఏదీ కాదనేది కాదు. ఎండలు ముదిరితే తాగే నీళ్ల కుండ కింద పోసిన తడి ఇసుకలో పొట్ట ఆనించి పడుకునేది, లేపితే ఇంత ఇసుకతో వచ్చి మంచమెక్కేది.

ఆ ఉగాదికి మా అమ్మ ఓళిగలకని శనగబేళ్లు ఉడికించి, బెల్లం వేసి రుబ్బి, ఏలకుల పొడి చల్లి, పూర్ణం ఉండలు చేసి ఇత్తడి తట్టలో పెట్టి, మీద గుడ్డ కప్పి, దేవుడికి చూపించకుండా ఎవరూ తాకొద్దని మమ్మల్ని బెదిరించి, పెనం తేవడానికి లోపలికి పోయింది. వచ్చేసరికి గుడ్డ అట్లాగే ఉంది, తట్ట అట్లాగే ఉంది, తట్టలో ఏమీ లేదు. చెవులోడు కుండ కింద ఇసుకలో వెల్లకిలా పడి ఆయాసపడుతున్నాడు. పండగ పూట అమ్మ చీపురు తీసుకుని వెంటబడితే, అరుగు మీద కూచుని వక్కాకు నములుతున్న మా జేజి ఎర్రటి నోటితో నవ్వి, "కొట్టద్దులేమ్మే, దేవుడే ఆ రూపంలో వచ్చి తినిపోయినాడనుకో" అంది. ఆ ఏడు మా దేవుడికి బెల్లం ముక్కే నైవేద్యం.

జేజికీ వాడికీ అంత పొత్తు ఎందుకు కుదిరిందో నాకు తెలియదు. ఆమె మనుషుల్నే దగ్గరికి రానిచ్చేది కాదు. మధ్యాహ్నాలు వేపచెట్టు నీడలో వాణ్ని కాళ్ల మధ్య ఇరికించుకుని, పులిసిన మజ్జిగ వాసన కొట్టే ఆ చెవి తిరగేసి, పిడుదులన్నీ ఏరి కొబ్బరి చిప్పలో కిరసనాయిల్లో వేస్తూ, వాడితో మా ఇంటి సంగతులన్నీ చెప్పేది. కోడలి మీద చాడీలు కూడా చెప్పేది. వాడు మూతి ఆమె మోకాలి మీద పెట్టుకుని శ్రద్ధగా వినేవాడు, అందరికీ అన్నం పెట్టేది కోడలే కాబట్టి ఎటూ తేల్చేవాడు కాదు.

ఇంక వాడి గొంతు సంగతి. వాడు మొరిగేవాడు కాదు. సాయంత్రం గొర్రెల మందలు ఊళ్లోకి తిరిగొచ్చే వేళ, ఆ దుమ్మూ ఆ గంటల చప్పుడూ లేవగానే, వీధి మధ్యలో నిలబడి, మూతి ఆకాశానికెత్తి, గొంతు సాగదీసి "ఊ…" అని రాగం తీసేవాడు. వచ్చిన రోజు నుంచీ అదే. ఎవరూ పట్టించుకోలేదు. ఉగాది పోయిన కొన్నాళ్లకు జేజి జ్వరంతో మంచం పట్టింది. దగ్గు, ఆయాసం, రెండు ముద్దలు కూడా గొంతు దిగవు. కళ్యాణదుర్గం తీసుకుపోయి సూదులు వేయించి, మందులు రాయించుకొచ్చినా జ్వరం దిగలేదు. అప్పుడు మా పక్కింటి ఓబులమ్మత్తకు చెవులోడి గొంతు వినబడింది.

"అత్తా, మనిషి మంచం పట్టిన ఇంటి ముందర కుక్క ఏడుస్తాండాది. ఇంగ నేను నోరిప్పి చెప్పల్లా?" అంది జేజి మంచం పక్కన కూచుని.

"అది ముందు నుంచీ అట్లనే అరుస్తాది" అన్నాన్నేను.

"ముందు నుంచీ మీ జేజి బాగుండెనా? మోకాళ్ల నొప్పులు ల్యావా ఆయమ్మకు?" అంది ఓబులమ్మత్త.

జేజి మాత్రం కళ్లు మూసుకునే, "ఏడ్వనీలే. మీరెవురూ ఏడ్చేటట్టు కనపల్యా, అదన్నా ఏడుస్తాండాది" అంది.

కుక్క ఏడిస్తే గడప ముందర చెప్పు బోర్లా వేయాలి, ఏడుపు ఆగిపోతుందని మా వైపు ఒక నమ్మకం. ఓబులమ్మత్త ఆ సాయంత్రమే తన చెప్పు తెచ్చి బోర్లా వేసింది. చెవులోడు మధ్యలోనే రాగం ఆపేశాడు, ఎందుకంటే వాడికి పాత తోలు చెప్పు కన్నా రుచైనది లోకంలో లేదు. పరుగెత్తుకొచ్చి, చెప్పు నోట కరుచుకుని, గడ్డివామి వెనక్కి పోయాడు. ఆగిపోయింది కదా! అది ఒట్టి కూత అయితే చెప్పుకు ఎందుకు ఆగుతుంది, కచ్చితంగా ఆ ఏడుపేనని ఊరంతా తీర్మానించేసింది. మర్నాటి నుంచి మందలు వచ్చే వేళకు మా వీధిలో ఇంటింటి ముందరా చెప్పులు బోర్లా పడి ఉండేవి. చెవులోడికి పండగే పండగ. రెండు కూతలు, ఒక చెప్పు. వాడికి అదొక ఆట అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. చెప్పగా చెప్పగా నాకే అనుమానం పట్టుకుంది. గడ్డివామి వెనక వాడి పక్కన కూచుని, వాడి కళ్లలోకి చూసి, నీకేమన్నా తెలుసా, తెలిస్తే నాకొక్కదానికే చెప్పు అని అడిగాను. వాడు నా చెంప నాకాడు. ఉంటే వాడుంటాడు, లేకపోతే జేజి ఉంటుంది అని అందరూ అంటుంటే, దేవుడి పటం ముందు నిలబడి ఏం మొక్కుకోవాలో తెలియక, ఇద్దరి పేర్లూ కలిపి గబగబా చెప్పి వచ్చేసేదాన్ని.

ఆ రోజుల్లోనే గొర్రెల మందొకటి దిగువ సీమకు మేతకు పోతూ ఎరువు కోసం మా చేన్లో కొన్నాళ్లు విడిది చేసింది. ఒకనాడు తెల్లారి లేచి చూస్తే చేన్లో మంద లేదు, గుంజకు తాడు లేదు. నాయన ఎద్దులకు సొప్ప వేస్తున్నాడు.

"నాయనా, చెవులోడు యాడ?"

"గొర్రెలోళ్లు కుక్క గావాలన్న్యారు. ఇచ్చినా."

"అది కాపలా కాయదు గదా!"

నాయన ఇంకో సొప్ప మోపు విప్పాడు. నేను మంద పోయిన దారి పట్టుకుని పక్క ఊరి దాకా ఏడ్చుకుంటూ పోయాను. దుమ్ములో గొర్రెల అడుగులే అడుగులు. వాటిలో కుక్క పాదమేదో నేనెట్లా కనుక్కునేది? వాసన పట్టే వాడే లేకపోయె.

ఆ వారం తిరక్కుండానే జేజికి జ్వరం దిగింది. మంచంలో లేచి కూచుని ముద్ద అడిగింది. ఓబులమ్మత్త ఊరంతా తిరిగి చెప్పుకుంది. నేను సంతోషించాలా ఏడవాలా నాకు తెలియలేదు. జేజి నవ్వుతుంటే నవ్వి, పెరట్లోకి పోయి ఏడ్చి, మళ్లీ వచ్చి నవ్వేదాన్ని. అరుగు మీదికి వచ్చిన మొదటి రోజు జేజి నలుగురి ముందరా నాయన్ను దులిపేసింది. "నోరు ల్యాని జీవాన్ని తోలేసినావు గదరా! నీకు చేతులెట్లొచ్చినాయిరా?" అంది. నాయన నిలబడి విన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని గాలిమరల వైపు పోయాడు. ఆ తిట్లు నాకెంత చల్లగా తగిలాయో! ఆ ఇంట్లో చెవులోడి తరఫున ఉన్నది మేమిద్దరమే అనుకున్నాను. జేజి ఆ తర్వాత నా పెళ్లి దాకా బతికింది, ప్రతి వేసవిలో మందలు పోతుంటే అరుగు మీద నుంచి కాపరుల్ని కేకేసి, చెవుల కుక్కను చూసినారా అని అడిగి, మళ్లీ నాయన్ను తిట్టేది. నాయన మీద నా కోపం కూడా అంతకాలమూ బతికింది.

ఇదిగో, నిన్న సాయంత్రం నాయన కంటి పరీక్షకని వచ్చాడు. పై అంతస్తు వాళ్ల కుక్క పోయి ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. ఆయన వంగి దాని వీపు నిమురుతుంటే నాకు ఒళ్లు మండి, "దీన్ని కూడా గొర్రెలోళ్లకిచ్చేస్తావా ఏమి నాయనా?" అన్నాను.

"మీ జేజే ఇచ్చేయమనింది పాపా" అన్నాడు దాన్ని నిమురుతూనే. "తెల్లార్తాంటే నన్ను పిల్సి, చెయ్యి పట్టుకోని, దాన్ని తోలెయ్ నా తండ్రీ, నాకు బతకాలని ఉండాదిరా అని ఏడ్సింది."

"మరి నలుగుర్లో నిన్ను తిట్టినప్పుడు చెప్పల్యాదే?"

"యాడ చెప్పేది? భయమేస్తాండాదని ఆయమ్మ జన్మలో చెప్పింది నాకొక్కనికే. దాన్ని అరుగు మీద పెడ్తానా?"

మా ఊరికి ఇప్పుడు మందలు రావడం తక్కువ. చేలన్నీ సోలారు పలకల కింద పోయాయి, సాయంత్రం ఆ దుమ్మూ లేదు, ఆ గంటలూ లేవు. ఓబులమ్మత్త లేదు. ఏ కుక్క ఎందుకు కూసిందని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. నాయనకు అన్నం వడ్డిస్తూ, ఇన్నేళ్ల కోపాన్ని జేజి వైపు తిప్పాలని చూశాను. అటు తిరగలేదు. దీపం ముందు నేను రెండు పేర్లూ కలిపి చెప్పుకుంటున్న ఆ రోజుల్లో, పక్క గదిలో మా జేజి తన ఒక్క పేరే చెప్పుకుని, అది బయటికి తెలియకుండా ఉండడానికి కన్న కొడుకుని జీవితమంతా తిట్టింది, ఆయన తిట్టించుకున్నాడు. కంచంలో మజ్జిగ పోస్తుంటే, "ఏందే, కండ్లల్లో ఆ నీళ్లు?" అన్నాడు నాయన. ఎవరి కోసమో నాకే తెలియలేదు, ఏమీ లేదని చెప్పాను.