థింసా పీరియడు

చిన్నపిల్లలకు వ్యాయామ పీరియడులో నాట్యం ఎలా నేర్పాలో చెప్పే పుస్తకాలు మా గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. అడుగులు, తాళం, ఊపిరి, అలసట అన్నీ వాటిలో ఉన్నాయి. నేర్పే మనిషి ఎక్కడ నిలబడాలో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. అది నాకు తెలిసొచ్చింది కాబట్టి రాసిపెడుతున్నాను. నా తర్వాత ఆ గ్రంథాలయం బల్ల దగ్గర కూర్చుని చదువుకునేవాళ్లకి పనికొస్తుంది.

కూర్మన్నపాలెంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను ఆటల టీచర్ని. నాట్యం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చదివి నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. మూడో తరగతికి అరకు కొండల థింసా నేర్పుదామనుకున్నాను. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, వంగుతూ లేస్తూ వలయంగా తిరిగే నాట్యం అది. ఒక్కరే ఆడేది కాదు. నేనేమో ఒక్కదాన్నే ఉంటాను. గదిలో ఒకవైపు కుర్చీ, మరోవైపు కిటికీ ఊచ పట్టుకుని సాధన చేశాను. చప్పుడు విని కింది వాటా ఇంటావిడ, "సుట్టాలొచ్చారేటమ్మా?" అని అడిగింది. లేరన్నాను.

మా హెడ్మిస్ట్రెస్ గోదావరి జిల్లా ఆవిడ. మొదటి వారం చూసి పిలిచారు.

"ఇదేం డ్యాన్సండీ, పిల్లలు మట్టిలో దొర్లుతున్నారు? శుక్రవారం మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే ఆ పీరియడు లెక్కలకిచ్చేద్దాం."

వారంలో నేను ఎదురుచూసేది ఆ ఒక్క పీరియడు కోసమే.

థింసా పుస్తకంలోని బొమ్మలో డప్పులవాళ్లు వలయం మధ్యలో ఉన్నారు. నా చోటూ అదేననుకుని అక్కడే నిలబడి కుడికాలు వేసి చూపించేదాన్ని. ఎదురుగా ఉన్నవాళ్లు అద్దంలో చూసినట్టు ఎడమకాలు వేసేవారు. వెనకవాళ్లు కుడికాలే వేసేవారు. చేతులు ముడిపడి ఉండడంతో అటూ ఇటూ లాక్కుని కూలబడేవారు. వీళ్లకి కుడి ఎడమలు రావడం లేదనుకుని ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

శుక్రవారమూ అంతే అయింది. కిందపడ్డ పిల్ల ఒకతి మోకాలు దులుపుకుంటూ లేచింది.

"టీచర్, ఆల్లకేమో మీ మొకం అగుపిస్తంది, మాకేమో ఈపు. నానెవుల్ని సూసి ఎయ్యాల?"

పక్కనున్న పిల్లాడు నవ్వాడు. "టీచర్ని బొంగరంలాగ తిప్పీమంటావేటే?"

"తిప్పడమెందుకురా! ఇలగొచ్చి మా సెయ్యట్టుకుంటే సాలదేటి?"

తన పక్కన చోటు చూపించింది. హెడ్మిస్ట్రెస్ అప్పటికే వరండాలో నిలబడి ఉన్నారు. వెళ్లి వలయంలో కలిశాను. రెండు చిన్న చేతులు నా వీపు వెనక ముడిపడ్డాయి, చెమటగా, వెచ్చగా. ఈ ఊరొచ్చాక నా వీపు మీద ఎవరైనా చెయ్యి వేశారా అని ఆలోచిస్తూ నేనే అడుగు తప్పాను. ఆ చేతులు లాగి సర్దాయి. అందరం లోపలివైపే తిరిగి ఉన్నాం. పక్కవాళ్ల కాలు ఎటు వెళ్తే మన కాలూ అటే వెళ్లింది. వలయం తిరిగింది.

"సరే, ఉంచండి," అన్నారు హెడ్మిస్ట్రెస్. "అయితే మీరూ ఆడాలన్నమాట."

గంట కొట్టగానే చేతులన్నీ ఒక్కసారే ఊడిపోయాయి. పిల్లలు బ్యాగుల కోసం పరిగెత్తారు.

పేర్లు రాయను కానీ, వీళ్లని తలుచుకోకుండా ఉండలేను. పై అరలోని పుస్తకం నిచ్చెనెక్కి తీసిచ్చిన గ్రంథాలయం ఆయనకు, పీరియడు నిలిపిన హెడ్మిస్ట్రెస్ గారికి, నవ్విన పిల్లాడికి, చోటిచ్చిన పిల్లకు నా కృతజ్ఞతలు. ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి. వాళ్లకి నాట్యం పీరియడు లేదు. వరండాలో ఎదురైతే "టీచర్!" అని చెయ్యి ఊపి వెళ్లిపోతుంది.