కండక్టరుగారు, మొండి గుర్రం

కండక్టరుగారి గొంతు వెనక సీటుదాకా వినబడేది. "ముందుకి జరగండి బాబూ, లోపల ఆటస్థలమంత చోటుంది!" అంటే, కిక్కిరిసిన బస్సులో కూడా జనం నవ్వుకుంటూ జరిగేవారు. ఆయన సంచీలో ఎప్పుడూ ఒక నవల ఉండేది. ముసలి గుర్రాన్ని కొని నానా అగచాట్లూ పడే ఒక బడిపంతులు కథ అది. పెళ్లికి ముందెప్పుడో పాతపుస్తకాల బండిమీద కొన్నారు. ట్రిప్పుల మధ్య తీరిక దొరికితే చాలు, ఏదో ఒక పేజీ తెరిచి, ఎన్నోసార్లు నవ్విన చోటే మళ్లీ పగలబడి నవ్వేవారు.

"చదివిందే చదువుతారు, పరీక్షలేమన్నా ఉన్నాయా?" అనేది భార్య. ఆవిడ ఇంట్లో మిషనుమీద బట్టలు కుట్టేది. ఆ పుస్తకాన్ని దులపడమే తప్ప ఏనాడూ తెరవలేదు.

ఒక ఉదయం డిపోలో టీ గ్లాసు అందుకోబోయి ఆయన కూలబడిపోయారు. పక్షవాతం. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి గాని, మాట రాలేదు. అన్నీ అర్థమయ్యేవి. చెప్పబోతే "అది... అది..." దగ్గరే ఆగిపోయేవారు. అక్షరాలూ కళ్లముందు అలుక్కుపోయేవి. చూడవచ్చినవాళ్లు ఆయన్ని వదిలేసి భార్యతోనే మాట్లాడుతుంటే, గోడవైపు తిరిగి పడుకునేవారు.

అది చూడలేక, ఒక మధ్యాహ్నం ఆవిడ మిషను ఆపి, నవల తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"నవ్వకండేం. బడి మానేశాక పుస్తకం పట్టడం ఇదే" అని కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. గుర్రం నడిరోడ్డుమీద మొరాయించింది. పంతులు కాళ్లావేళ్లా పడుతున్నాడు.

"నువ్వు గుర్రానివి కావే తల్లీ..." అని చదివి ఆవిడ పేజీ తిప్పబోయింది.

"మా మావగారివి!" అన్నారాయన.

ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏమన్నారు? ఇంకోసారి అనండి!"

"అది... అది..." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీలెండి. రేపు మళ్లీ ఇక్కడికే వద్దాం."

మర్నాడు అక్కడికి రాగానే మళ్లీ అన్నారు. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి ఆ సంగతి విని, "బాగా నోటికొచ్చినవి ఒక్కోసారి ముందు తిరిగొస్తాయి పిన్నీ. వాక్యం చివర ఆయనకి వదిలెయ్యండి" అంది. అలా మొదట చివరి మాటలు ఆయనవయ్యాయి, తర్వాత సగం వాక్యాలు. ఒకరోజు ఆవిడ తొందరలో ఒక పేరా దాటేస్తే, "ఏయ్... మోసం!" అన్నారు.

పుస్తకంలో లేని మాట! ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి ఫోను అందుకుంది. "అమ్మా, మీ అల్లుడు నన్ను తిట్టారే!" అంటూ నవ్వీ ఏడ్చీ చెప్పింది.

ఆయన మళ్లీ బస్సెక్కి టికెట్లు కొట్టలేదు. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో డిపోవాళ్లు పని ఇచ్చారు. మాట నిదానం, ఇప్పటికీ మధ్యలో వెతుక్కుంటారు.

మొన్న సెలవునాడు ఇద్దరూ లైబ్రరీకి వెళ్లారు. బల్ల దగ్గర ఆయనే నిలబడ్డారు. "నవ్వించేది... ఏదైనా... ఇవ్వండి. మా ఆవిడ... ఒక్కటే చదివింది." అందివ్వబోయిన మాటని ఆవిడ పెదవుల మధ్యే ఆపుకుంది. లైబ్రేరియను కూడా తొందరపడకుండా చివరిదాకా విని, మూడు పుస్తకాలు తెచ్చి పెట్టాడు. ఆవిడ అన్నిట్లోకీ లావుదాన్ని తీసుకుంది.

"ఇంత... లావుదా?"

"మీకేం, చదివేది నేనుగా!" అంటూ ఆవిడ అక్కడే కుర్చీ లాక్కుని మొదటి పేజీ తెరిచింది.